అరచేతిలో అంగడి

సంఘంలో ఒక అక్క ఆవకాయ పెట్టింది అనుకుందాం. ఇంటికి ఉంచుకోగా పది కిలోలు మిగిలింది. దాన్ని ఎలా అమ్మాలి? ఇదివరకైతే బుట్టలో పెట్టుకొని ఇంటింటికీ తిరగాలి. లేకపోతే సంతకు పోవాలి. ఇప్పుడు ఇంకో దారి ఉంది. అది ఆమె చేతిలోనే ఉంది. అదే ఫోనులోని వాట్సాప్.

వాట్సాప్‌లో స్టేటస్ అని ఒకటి ఉంటుంది. అందులో ఫొటో పెడితే 24 గంటలు కనపడుతుంది. తరువాత దానంతట అదే పోతుంది. అయితే అందరికీ కనపడదు. మన నంబరు వాళ్ల ఫోనులో ఉండాలి. వాళ్ల నంబరు మన ఫోనులో ఉండాలి. అందుకే ఒకసారి కొన్నవాళ్లను "నా నంబరు దాచుకో వదినా" అని అడగాలి.

ఫొటో పగటి వెలుతురులో తీయాలి. జాడీ అంచు తుడిచి తీయాలి. కింద నాలుగు ముక్కలు రాయాలి. ఏ పచ్చడి? ఎంత బరువు? ఎంత ధర? ఏ రోజు పెట్టింది? ఏ నూనె పోశారో కూడా రాస్తే మరీ మంచిది. నువ్వుల నూనె అని చదవగానే నోరూరుతుంది కదా! రాయడం కష్టమైతే మాట రికార్డు చేసి పంపవచ్చు. కానీ ధర మాత్రం అంకెల్లోనే రాయాలి. నోటిమాట మీద తగాదా వస్తుంది. రాసిన అంకె మీద రాదు.

బేరం కుదిరాక డబ్బు కూడా ఫోనులోనే వస్తుంది. ఇక్కడే జాగ్రత్త కావాలి.

ఎవరో కొత్త మనిషి ఫోను చేస్తాడు. "నేను మిలటరీలో పనిచేస్తున్నాను. పది కిలోలూ నాకే కావాలి" అంటాడు. ధర తగ్గించమని అడగడు. కారం ఎంత వేశారని అడగడు. నిజంగా కొనేవాడు అలా ఉంటాడా? "నీకో గళ్ల బొమ్మ పంపాను. దాన్ని స్కాన్ చెయ్యి. పిన్ను నొక్కు. డబ్బు నీ ఖాతాలో పడుతుంది" అని తొందర పెడతాడు. నొక్కితే డబ్బు రాదు. ఉన్నది పోతుంది. ఎండలో కాయలు కోసి, తుడిచి, ముక్కలు కొట్టి సంపాదించిన డబ్బు ఒక్క నిమిషంలో పోతుంది.

ఎందుకలా? ఫోన్‌పే, గూగుల్‌పే లాంటివి యూపీఐ అనే పద్ధతి మీద నడుస్తాయి. ఇది 2016లో మొదలైంది. ఇందులో పిన్ను మన పెట్టెకు తాళంచెవి లాంటిది. మనం డబ్బు పంపాలంటే పిన్ను కావాలి. ఖాతాలో ఎంతుందో చూసుకోవాలన్నా కావాలి. డబ్బు రావడానికి మాత్రం అక్కర్లేదు. గుడి హుండీలో డబ్బు వెయ్యడానికి తాళం తియ్యాలా?

ఇంకొకడు వేరేగా వస్తాడు. "500 పంపబోయి 5,000 పంపాను. మిగతాది తిరిగి పంపమ్మా" అని బతిమాలతాడు. బ్యాంకు పంపినట్టే ఒక మెసేజ్ కూడా వస్తుంది. అది వాడే రాసి పంపి ఉండవచ్చు. ముందు మన ఖాతా మనం చూసుకోవాలి. అక్కడ పెరగకపోతే డబ్బు రానట్టే.

మోసపోతే ఏం చెయ్యాలి? ఇంట్లో తిడతారని చాలామంది దాచిపెడతారు. మోసగాడికి కావలసింది అదే. వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యాలి. ఇది సైబర్ మోసాల కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు. త్వరగా చెబితే వాడు డబ్బు తీసుకోకముందే ఆపే వీలుంటుంది.

ఇంతకీ ఫోను అమ్మకానికేనా? కాదు. కడప నుంచి, కోనసీమ నుంచి ఎందరో ఆడవాళ్లు కువైట్ వెళ్లి పనిచేస్తున్నారు. వాళ్లు ఫోనులో పిల్లల ముఖం చూసి మాట్లాడుతున్నారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కూలి పనులు చేసుకున్న గంగవ్వ యూట్యూబ్‌లో అందరినీ నవ్వించింది. 2020లో టీవీలో బిగ్ బాస్ దాకా వెళ్లింది. పని అయ్యాక ఆమె మాటలు విని నవ్వుకుంటే తప్పేముంది? రచ్చబండ మీద పొద్దంతా ఫోను చూసే మగవాళ్లను ఎవరూ ఏమీ అనరు మరి.

వచ్చిన ప్రతిదీ నమ్మి పదిమందికి పంపకూడదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయని వాట్సాప్‌లో పుకారు లేచింది. దేశంలో చాలాచోట్ల జనం అమాయకులను కొట్టి చంపారు. అప్పుడు గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, పాటలు పాడించి, అది అబద్ధమని చెప్పించారు. ఆ ఏడాదే మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ కంపెనీ కట్టడి పెట్టింది.

ఇక చివరి సంగతి. అమ్మకానికి పెట్టిన నంబరు పదిమందికీ తెలుస్తుంది. రాత్రిపూట ఎవడో "హాయ్" అంటాడు. జవాబు ఇవ్వనక్కర్లేదు. ఆ నంబరును బ్లాక్ చేస్తే చాలు. వాడి మాట ఇక మనదాకా రాదు. బెదిరిస్తే మాత్రం 181కి గాని, 112కి గాని ఫోను చెయ్యాలి. భయపడి ఆ మెసేజ్‌లు చెరిపెయ్యకూడదు. పోలీసులకు చూపించడానికి అవే సాక్ష్యం.