మీకు తెలుసా? అనకాపల్లి బెల్లంలో రెల్లుకూ వాటా ఉంది

శారదా నది ఒడ్డున శరదృతువులో తెల్లగా పూసే రెల్లు గడ్డి నేటి చెరకుకు పూర్వికుల్లో ఒకటి. లావుగా, రసం నిండుగా ఉండే పాత చెరకు జాతి తీపికి పెట్టింది పేరే గానీ చలికీ తెగుళ్లకూ తట్టుకోలేదు. కోయంబత్తూరులో 1912లో మొదలైన చెరకు ప్రజనన కేంద్రంలో శాస్త్రవేత్తలు బార్బర్, వెంకట్రామన్ దాన్ని రెల్లుతో సంకరం చేశారు. అలా పుట్టిన కో 205 రకం 1918లో పంజాబ్‌ సాగుకు వెళ్లి, అక్కడి శీతాకాలాన్ని ఓర్చుకుంది.

చప్పటి గడ్డి కలిస్తే తీపి తగ్గదా? తగ్గుతుంది. అందుకే తొలి సంకరాన్ని మళ్లీ మళ్లీ తీపి చెరకుతోనే కలుపుతారు. తీపి తిరిగొస్తుంది, మొండితనం కొంత మిగులుతుంది. 1913లో ఏర్పడిన అనకాపల్లి పరిశోధన కేంద్రం ఇచ్చిన 87ఏ298 వంటి రకాలదీ ఈ వంశమే. సంకర రకాలకూ ఎర్రకుళ్లు తెగులు వస్తోంది కదా అనొచ్చు. నిజమే, గడను నిలువునా చీలిస్తే ఎర్రబారిన కండలో అడ్డంగా తెల్ల మచ్చలు, పులిసిన వాసన. కానీ ఆ తెగులు తెచ్చే శిలీంధ్రం కొత్త రూపాలు దాలుస్తూ ఉంటుంది. ఇది సంకరం ఆపడానికి కారణం కాదు, అడవి జాతులను ఇంకా విస్తృతంగా వాడుకోవడానికి కారణం.