అతిథి యంత్రము – ఆతిథేయ యంత్రము: చిరునామాల సంగతి

గత సంవత్సరము ఒక కళాశాలలో జరిగిన ప్రాయోగిక పరీక్షకు మేము పర్యవేక్షకులముగా వెళ్లితిమి. మేము తెలుగు బోధించువారము. కంప్యూటర్లతో మాకు పరిచయము తక్కువ. అచ్చట ఒక విద్యార్థిని వ్రాసిన ఫోను ప్రోగ్రాము, అదే యంత్రములో నడచుచున్న సర్వరును ఎంతకును అందుకొనలేకపోయెను. అరగంట గడచిపోయెను. లోపమెల్ల 127.0.0.1 అను చిరునామాలో నున్నదని మాకు తరువాత తెలిసినది. ఆ అరగంటను ఆమెకు తిరిగి ఇచ్చువారెవరు?

ఒక కంప్యూటరు లోపల మరియొక యంత్రమును ఉన్నట్లే నడిపించు సాధనములు కలవు. లోపలిది అతిథి, చోటిచ్చినది ఆతిథేయి. మా ఉర్దూ మిత్రులు మెహమాన్, మేజ్‌బాన్ అందురు. విద్యార్థులు వాడు ఆండ్రాయిడ్ ఎమ్యులేటరు ఇట్టిదే. దాని తెరపై కనబడు ఫోను అతిథి.

127.0.0.1 అనగా ‘నేనే’ అని అర్థము. ‘మా ఇల్లు’ అని ఎవరు పలికినను అది పలికినవారి ఇల్లే గదా! అతిథి ఆ చిరునామాను పిలిచినచో తన్ను తానే పిలుచుకొనును. సర్వరున్న ఆతిథేయిని చేరదు. ఆతిథేయిని పిలువవలెనన్న 10.0.2.2 అనవలెను. ఆ విద్యార్థినికి కావలసినది ఈ ఒక్క అంకెయే.

తక్కినవి సులభము. 10.0.2.1 బయటకు పోవు ద్వారము. 10.0.2.3 పేర్లను అంకెలుగా మార్చి చెప్పునది. అతిథి సొంత చిరునామా 10.0.2.15, వైఫై పద్ధతిలో 10.0.2.16. రెండు అతిథులను నడిపినను రెండింటికిని ఇవే చిరునామాలు. ఒక్కొక్కటి వేరు ప్రహరీ లోపల నుండుటచే తగవు రాదు, కాని ఒకదాని నొకటి నేరుగా చూడజాలవు. వాటిని కలుపుటకు ఆతిథేయి ద్వారా పోర్టును మళ్లించవలెను.

ఈ అంకెలకు వంశచరిత్ర కూడ కలదు. 1995లో డానీ గాస్పరోవ్‌స్కీ రచించిన స్లర్ప్ అను ప్రోగ్రాము, టెలిఫోను తీగపై యూనిక్స్ ఖాతా మాత్రమే గలవారికి ఇంటర్నెట్టును అందించెను. ఫాబ్రీస్ బెల్లార్ 2003లో వెలువరించిన క్యూఎము దానిని స్వీకరించెను. ఆండ్రాయిడ్ ఎమ్యులేటరు క్యూఎముపై కట్టబడినది. తాతలనాటి ఇంటి నంబరు మనుమల వరకు వచ్చినదన్నమాట.

అయితే ఇవి ఎవరును ఏమియు మార్చనప్పటి అంకెలు మాత్రమే. వర్చువల్‌బాక్స్ మీద నడచు జెనీమోషన్‌లో ఆతిథేయి 10.0.3.2. క్యూఎములో ఈ వరుసనంతయు మార్చుకొనవచ్చును. కావున సాధనము పేరు, దాని వెర్షను లేక వట్టి అంకెలు వ్రాసినచో మేలుకన్న కీడే ఎక్కువ.

కళాశాల కమిటీవారికి మా మనవి ఒక్కటే. మన ప్రయోగశాల గోడపై ఈ చిరునామాల పట్టిక నొకటి అంటింపుడు. విద్యార్థుల రికార్డు పుస్తకము మొదటి పుటలోను దానిని చేర్పింపుడు. పట్టిక అడుగున, చివరిసారి సరిచూచినవారి పేరునకును తేదీకిని కొంత ఖాళీ విడువవలెను.