ఇంటి ధ్వని: సౌండ్‌బారును ఎంచుకొనే విధం

పందొమ్మిదవ శతాబ్ది చివర రాజమహేంద్రవరంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి నాటకాలు ప్రదర్శించిన కాలంలో రంగస్థలానికి మైకు లేదు. నటునికి కంఠమే సాధనం. పద్యంలోని ప్రతి అక్షరమూ చిట్టచివరి వరుసకు చేరితేనే ఆ కంఠానికి విలువ. తరువాత ఒకదాని వెంట ఒకటిగా యంత్రాలు వచ్చినవి. 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు చలనచిత్రానికి మాట వచ్చింది. 1936లో రాజమహేంద్రవరంలోనే దుర్గా సినీటోన్ స్టూడియో వెలసింది. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ రేడియో కేంద్రం సంగీతాన్ని, నాటకాన్ని తెలుగువారి ఇళ్ల అరుగులమీదికి తెచ్చింది. నేడు నాటకశాల, సినిమాహాలు, రేడియో మూడూ కలిసి టీవీ రూపంలో గోడకు వ్రేలాడుతున్నవి.

అయితే ఇందులో ఒక వైపరీత్యం ఉన్నది. టీవీ పలుచబడిన కొద్దీ బొమ్మ మెరుగుపడింది, ధ్వని క్షీణించింది. పూర్వపు టీవీ పెట్టెకు లోతు ఉండేది గనుక అందులో ఒక మాదిరి స్పీకరు ఇమిడేది. నేటి పలుచని టీవీలో చిన్న స్పీకర్లను క్రిందికో వెనుకకో తిప్పి అమర్చుతారు. ధ్వని నేలను, గోడను తాకి, ఆ తరువాతనే మనిషిని చేరుతుంది. ఈ లోపం తీర్చడానికే టీవీ క్రింద పొడవుగా అమర్చే సౌండ్‌బారు, దానికి తోడు నేలమీద ఉంచే సబ్‌వూఫరు అనే పెట్టె వాడుకలోకి వచ్చినవి. నేడు గోదావరి మండలాల పట్టణాలలోనే గాక పల్లెలలో సైతం వీటిని కొనేవారు ఎందరో ఉన్నారు. అందుచేత వీటి గుణదోషాలను తూచే పద్ధతి తెలిసి ఉండడం అవసరం.

ముందుగా యంత్రం సంగతి. 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు తీగచుట్ట కదలిక ద్వారా పలికే స్పీకరును లోకానికి వివరించారు. నేటి సౌండ్‌బారులోని స్పీకర్లకు కూడా మూలసూత్రం అదే. అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట కదులుతుంది, దానికి అతికిన శంకువు గాలిని నెట్టుతుంది. తారస్థాయి ధ్వనికి కొద్దిపాటి గాలి కదిలితే చాలు. మంద్రధ్వనికి మాత్రం చాలా గాలి కదలవలెను. అందువలన దానికి పెద్ద శంకువు, పెద్ద పెట్టె అవసరమైనవి. మృదంగాన్ని చూచినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. కుడి మూత చిన్నది, స్ఫుటంగా పలుకుతుంది. ఎడమ మూత పెద్దది, దానికి రవ్వముద్ద అంటించి బరువు పెంచితే గంభీరంగా పలుకుతుంది. సౌండ్‌బారు కుడి మూత, సబ్‌వూఫరు ఎడమ మూత అనుకోవచ్చును. రెండింటికీ శ్రుతి కుదరకపోతే కచేరీ చెడుతుంది.

ఆ శ్రుతి కుదిరిందో లేదో తెలుసుకోవడానికి మొదటి పరీక్ష పురుషకంఠం. సబ్‌వూఫరు సెకనుకు సుమారు 40 నుండి 120 కంపనల వరకు గల మంద్రధ్వనులను పలికించడానికి ఏర్పడినది. కాని బారులోని స్పీకర్లు మరీ చిన్నవైతే, ఇంకా పైనున్న ధ్వనులు కూడా సబ్‌వూఫరు మీదనే పడతాయి. అప్పుడు వార్తలు చదివేవాని ముఖం గోడమీద, అతని గొంతులో సగం మూలనున్న పెట్టెలో ఉన్నట్లు తోస్తుంది. కనులు మూసుకొని వినినప్పుడు గొంతు ఎక్కడినుండి వస్తున్నదో తెలియాలి. అది తెరనుండి వస్తే అమరిక మంచిది. నేలనుండి వస్తే ఎంత మ్రోగినా కొనదగినది కాదు.

రెండవ పరీక్ష సంగీతం. కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గాత్రం మంద్రం నుండి తారస్థాయి వరకు అనాయాసంగా సంచరించేది. ఆయన రికార్డు ఏదైనా వినిపించి, గాత్రం క్రిందికి దిగినప్పుడు ఉబ్బకుండా, పైకి వెళ్లినప్పుడు కీచుమనకుండా ఉన్నదేమో గమనించాలి. 1936లో కాకినాడలో జన్మించిన చిట్టిబాబు గారి వీణ మరొక కొలత. మీటిన తీగ నాదం క్రమంగా సన్నగిల్లి నిశ్శబ్దంలో కలిసేవరకు వినబడాలి. ఆ చివరి అంశను మ్రింగివేసే యంత్రం గమకాన్ని కూడా మ్రింగివేస్తుంది. ఇక్కడ ఒక విశేషం ఉన్నది. కర్ణాటక గాత్రం మంద్రస్థాయిలో కూడా సెకనుకు 80 కంపనలకు దిగువకు సాధారణంగా పోదు. కనుక పాట, పద్యం, వార్తలు వినే ఇంటికి పెద్ద సబ్‌వూఫరు అవసరం స్వల్పమే. దాని పని ఎక్కువగా డోలు దెబ్బలో, ఉరుములో, సినిమాలోని పేలుళ్లలో కనబడుతుంది.

మూడవది అక్షర పరీక్ష. ఉపాధ్యాయులకు ఇది అత్యంత సన్నిహితమైనది. మాటలోని బలం అచ్చులలో, అర్థం చాలావరకు హల్లులలో ఉంటుంది. శ, స వంటి ఊష్మాలను గుర్తింపజేసే ధ్వని సెకనుకు కొన్ని వేల కంపనల స్థాయిలో ఉంటుంది. శకలము, సకలము, అంశము, అంసము, కరము, ఖరము అనే జంటలను ఎవరిచేతనైనా చదివించి ఫోనులో రికార్డు చేసి సౌండ్‌బారులో వినిపించాలి. చేయి గాడిదగా మారితే ఆ యంత్రాన్ని అంగడిలోనే విడిచిపెట్టడం మేలు.

ఈ పరీక్షకు వినోదాన్ని మించిన ప్రయోజనం ఉన్నది. వయసు పెరిగిన కొద్దీ మానవుని చెవి మొదట పోగొట్టుకొనేది పైస్థాయి ధ్వనులనే. ధ్వని వినబడుతూనే ఉంటుంది, మాట మాత్రం తెలియదు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా, డెల్టా గ్రామాలలోని పెద్ద ఇళ్లలో మిగిలిన వృద్ధదంపతులకు సాయంకాలపు తోడు టీవీయే. వారు ధ్వనిని పెంచుకుంటూ పోతారు. పెరిగేది మోత, తెలియనిది మాట. ఇరుగుపొరుగువారు విసుగుకొంటారు, క్రమంగా వారే టీవీ కట్టివేసి ఒంటరిగా కూర్చుంటారు. మాటను స్పష్టం చేసే ఏర్పాటు గల సౌండ్‌బారు అటువంటి ఇంటికి ఒక ఉపకారం. కేవలం మంద్రాన్ని పెంచే పెట్టె అదే ఇంటికి అపకారం, ఏలయనగా బలమైన మంద్రధ్వని సున్నితమైన హల్లులను కప్పివేస్తుంది.

యంత్రం ఎంత మంచిదైనా గది దానిని మార్చివేస్తుంది. అంగడిలో విన్నది ఇంట్లో వినబడదు. మధ్యలో ఆకాశం కనిపించే మండువా లోగిళ్లు గోదావరి సీమలో ఇంకా అక్కడక్కడ ఉన్నవి. అక్కడ మంద్రధ్వని మండువా గుండా పైకి పోతుంది గనుక సబ్‌వూఫరు బలహీనంగా తోస్తుంది. స్లాబు వేసి, నేలకు పలకలు పరచిన కొత్త ఇంటిలో కథ వేరు. సెకనుకు 50 కంపనలు గల ధ్వని తరంగం పొడవు సుమారు 7 మీటర్లు, అనగా 23 అడుగులు. 12 అడుగుల దూరంలో ఎదురెదురు గోడలున్న గదిలో సుమారు 48 కంపనల ధ్వని గోడల మధ్య నిలిచి, తక్కిన స్వరాలకంటె మిక్కిలి మ్రోగుతుంది. దానినే కొందరు 'మంచి బేస్' అని భ్రమపడతారు. నిజానికి అక్కడ పాడుతున్నది గది.

దీనికి చవకైన చికిత్స ఉన్నది. సబ్‌వూఫరును కొంతసేపు మనిషి కూర్చొనే చోట ఉంచి, ఒకే విధమైన మంద్రసంగీతం పలికిస్తూ గోడల వెంబడి నడచి వినాలి. ఎక్కడ స్వరాలన్నీ సమంగా వినబడుతాయో అక్కడికి దానిని మార్చాలి. విద్యార్థులకు ఇది ధ్వనిశాస్త్రంలో చక్కని ప్రయోగం. నేలమీద జంపఖానా, కిటికీలకు మందమైన తెరలు ఉంటే ప్రతిధ్వని తగ్గి మాట తేటపడుతుంది. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ విధానం పేరుతో పైకప్పుకు ధ్వనిని విసిరే బారులు కూడా అమ్ముతున్నారు. వాటికి చదునైన పైకప్పు కావలెను. ఏటవాలు పెంకుటింటిలో ఆ ధ్వని అనుకొన్న చోటికి తిరిగి రాదు. అటువంటి ఇంటివారు దానికై అదనపు సొమ్ము వెచ్చించడం వృథా.

పెట్టెమీద అచ్చువేసిన వాట్ల సంఖ్యను చూచి మోసపోరాదు. వాట్లు రెండింతలైతే ధ్వని మట్టం పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి రెండింతలుగా తోచడానికి సుమారు 10 రెట్ల శక్తి కావలెను. ఆ సంఖ్య నిరంతరం ఇవ్వగలిగిన శక్తియా, క్షణకాలం మాత్రమే ఇవ్వగలిగినదా అన్నది అడిగి తెలుసుకోవాలి. టీవీకి కలిపేటప్పుడు ఏ.ఆర్.సీ. అని గుర్తున్న హెచ్.డి.ఎం.ఐ. తీగ ఉత్తమం. బ్లూటూత్ ద్వారా కలిపితే ధ్వని కొంత ఆలస్యమై పెదవుల కదలికకు, మాటకు పొత్తు కుదరకపోవచ్చును. డెల్టా తేమకు చెక్కపొడితో చేసిన పెట్టెలు ఉబ్బే ప్రమాదం ఉన్నది గనుక నేలకు కొంచెం ఎత్తుగా, గోడ చెమ్మకు దూరంగా ఉంచడం క్షేమం.

చెవికీ, పొరుగుకూ హద్దు ఉన్నది. పెద్దవారికి వారానికి 40 గంటలపాటు 80 డెసిబెళ్లు, పిల్లలకు 75 డెసిబెళ్లు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. భారతదేశపు 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు నివాసప్రాంతాలకు పగలు 55, రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 వరకు 45 డెసిబెళ్లను పరిమితిగా నిర్ణయించినవి. తక్కువ ధ్వనిలో చెవికి మంద్రం మరింత తక్కువగా వినబడుతుందని ఫ్లెచర్, మన్‌సన్ 1933లోనే నిరూపించారు. రాత్రివేళ సబ్‌వూఫరును పెంచాలని మనసు పుట్టడానికి కారణం అదే. కాని మంద్రధ్వని గోడలను దాటినంత సులభంగా మరే ధ్వనీ దాటదు. తాను వింటున్నది పాట అయినా, పొరుగువాని నిద్రకు చేరేది దడ మాత్రమే.

కనుక కొనే ముందు, వీలైతే ఇంటికి తెప్పించి, ఇంటిలో అందరికంటె పెద్దవారిని వారు నిత్యం కూర్చొనే కుర్చీలోనే కూర్చోబెట్టాలి. పక్కగదిలో చదువుకొనే పిల్లవానికి ఆటంకం కానంత ధ్వనిలో వార్తలు వినిపించి, అందులో వచ్చిన ఊళ్ల పేర్లు తిరిగి చెప్పమని అడగాలి. పేర్లన్నీ సరిగా చెప్పగలిగితే ఆ యంత్రం ఆ ఇంటికి తగినది.