చేప ఇరవై అంగుళాలు, చెరువు రెండు రాష్ట్రాలు

ఎడిటర్ గారు ఫోన్ చేసినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. "వేసవి సంచికకి ముఖచిత్ర కథనం మీరే రాయాలి. డాలస్ వాళ్ళు పిల్లల్ని తీసుకుని చెరువుగట్టున గుడారం వేసుకుని, నాలుగు చేపలు పట్టుకునే చోటొకటి చూడండి. వచ్చే గురువారం పొద్దున్నకల్లా నాకు అందాలి" అన్నారు. గుడారంలో పడుకోవడం సరదా అనేవాళ్ళని నేనెప్పుడూ నమ్మలేదు. మంచం, ఫ్యాను ఉన్న ఇంటికి నెలనెలా వాయిదా కడుతూ, వెళ్ళి రాళ్ళ మీద పడుకోవడం దేనికి? కానీ చేపలంటే కాదనలేను. సరేనన్నాను.

ప్లేనో నుంచి 75వ నంబరు రోడ్డు మీద ఉత్తరానికి గంట పైచిలుకు వెళ్తే డెనిసన్ ఊరు, దాని పక్కనే టెక్సోమా. సుమారు 89 వేల ఎకరాల నీళ్ళు. ఈ గట్టు టెక్సస్, ఆ గట్టు ఓక్లహోమా. నీటిలో ఎక్కువ భాగం ఓక్లహోమాదే. రెండు వైపులా క్యాంపులు చాలా ఉన్నాయి. నేను ఐసెన్‌హోవర్ స్టేట్ పార్క్ చూసుకున్నాను. టెక్సస్ స్టేట్ పార్కుల్లో గుడారం చోటుని అయిదు నెలల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు కాబట్టి, శనివారం అప్పటికే నిండిపోయింది. ఎవరో రద్దు చేసుకున్న చోటొకటి ఆదివారం రాత్రికి దొరికింది. పిల్లవాడికి సోమవారం బడి ఎగ్గొట్టించాం. ఈ సంగతి వాళ్ళ టీచరుకి తెలుగు రాదు కాబట్టి రాస్తున్నాను.

బయల్దేరేముందు చేపల నిబంధనలు చదివాను. లైసెన్స్ సంగతి తెలుసుకుందామని మొదలుపెట్టి, ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. టెక్సోమాలో పేరున్న చేప స్ట్రైపర్, అంటే ఒంటి మీద నల్లచారలున్న బాస్. రోజుకి పది ఉంచుకోవచ్చు. అందులో ఇరవై అంగుళాలు, ఆపైన ఉన్నవి రెండే ఉండాలి. ఇంతవరకు మామూలే. ఆ తర్వాతది చూడండి: చేపని తాడుకి గుచ్చినా, పడవలోని నీళ్ళతొట్టిలో వేసినా అది నీ పదింటి లెక్కలో చేరిపోయినట్టే, ఇక దాన్ని నీళ్ళలోకి వదలకూడదు. అంటే పొద్దున పద్దెనిమిది అంగుళాల చేప పట్టి తొట్టిలో వేసుకుని, మధ్యాహ్నం పెద్దది పడగానే దీన్ని వదిలి దాన్ని ఉంచుకుంటానంటే కుదరదు. రైతుబజారులో వంకాయలు ఏరినట్టు ఏరుకోవడం ఇక్కడ నేరం.

ఎందుకిలా? వేసవిలో పైనీళ్ళు కాగిపోతాయి, అడుగునీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఆ ఎండల్లో లోతులోంచి లాగి, తొట్టిలో తిప్పి వదిలిన స్ట్రైపర్ ఈదుకుంటూ పోయినట్టే కనిపిస్తుంది గానీ చాలావాటికి బతుకుండదు. ఈ నిబంధన రాసినాయనెవరో గాలం వేసేవాడి మనసు బాగా ఎరిగినవాడు. గాలం వేసేవాడు అబద్ధం చెప్పడు, "ఇంకొంచెం పెద్దది పడితే" అనుకుంటాడంతే.

అసలీ చేప ఇక్కడ ఉండటమే ఒక వింత. స్ట్రైపర్ నిజానికి సముద్రపు చేప, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతుంది. మన ఇలస వరద గోదావరి ఎర్రనీటికి ఎదురీది పులస అయినట్టే. దాని గుడ్డు పొదగాలంటే రెండు రోజుల పాటు పారే నీటిలో దొర్లుతూనే ఉండాలి, అడుగుకి దిగితే చచ్చిపోతుంది. అందుకే చాలా చెరువుల్లో ఏటా పిల్లల్ని తెచ్చి వదలాల్సిందే. టెక్సోమాకి మాత్రం పైనుంచి రెడ్ రివర్, వాషిటా అనే రెండు పొడుగాటి నదులు వచ్చి కలుస్తాయి. ఎగువ నేలలోని పాత ఉప్పు పొరల వల్ల నీళ్ళు కాస్త ఉప్పన కూడా. 1965 నుంచి వదిలిన చేపలు ఇల్లు దొరికిందనుకుని ఇక్కడే పిల్లల్ని కనడం మొదలుపెట్టాయి. రెడ్ రివర్ నీళ్ళు కూడా ఎర్రగానే ఉంటాయి. గోదావరి జిల్లా వాళ్ళు వంతెన మీద కారాపి చూస్తే ఆశ్చర్యం లేదు.

చరిత్ర కావాలని ఎడిటర్ గారు అడిగారు కాబట్టి ఒక్క ఊపిరిలో: వరదలు ఆపడానికి, కరెంటు తీయడానికి రెడ్ రివర్ మీద ఆర్మీ ఇంజనీర్లు కట్టిన డెనిసన్ డ్యామ్ 1944లో పూర్తయింది, యుద్ధకాలం కావడంతో జర్మన్ ఖైదీల చేత కూడా కొంత పని చేయించారు, హేగర్‌మన్ లాంటి ఊళ్ళు మునిగాయి, 1957, 1990, 2007, 2015లో నీళ్ళు మత్తడి దూకాయి, పార్కుకి పేరున్న ఐసెన్‌హోవర్ 1890లో డెనిసన్‌లోనే పుట్టాడు. అయిపోయింది.

ఇక అసలు మాట. పేరున్న చేప మీ పిల్లల చేప కాదు. స్ట్రైపర్ చిన్న చేపల గుంపు వెంటపడి నడిచెరువులో తిరుగుతుంది. దానికి పడవ కావాలి, గైడు కావాలి, తెల్లవారుజామున లేచే ఓపిక కావాలి. తొమ్మిదేళ్ళవాడికి అరగంటలో బెండు మునగకపోతే గాలం కర్ర కత్తిగా మారుతుంది. గట్టు మీంచి దొరికేవి బ్లూగిల్, మీసాల క్యాట్‌ఫిష్. కాబట్టి చోటు ఎంచుకునేటప్పుడు ఫొటోల్లోని సూర్యాస్తమయం చూడకండి. చేపలు పట్టే వంతెన ఎక్కడుంది, గుడారం నుంచి అక్కడికి నడక ఎంత, చేప శుభ్రం చేసే బల్ల ఉందా అని చూడండి. ఐసెన్‌హోవర్‌లో వంతెనకి రాత్రి దీపాలు కూడా ఉన్నాయి. కానీ పార్కు సున్నపురాయి కొండచరియ మీద ఉంది. మ్యాపులో నీళ్ళ పక్కనే అనిపించిన చోటు నిజానికి నీళ్ళకి పైన ఉండొచ్చు. మాది అలాంటిదే. దృశ్యం అద్భుతం, నీళ్ళు అందవు. చిన్నపిల్లలున్నవాళ్ళు చరియ అంచు నంబర్లు వదిలేయడం మంచిది.

సంచిలో మిగిలినవి
టెక్సస్ స్టేట్ పార్కులో గట్టు మీంచి, వంతెన మీంచి గాలం వేయడానికి లైసెన్స్ అక్కర్లేదు. పడవెక్కితే కావాలి. టెక్సోమా లైసెన్స్ ఒకటి తీసుకుంటే చెరువు రెండు వైపులా చెల్లుతుంది. పదిహేడేళ్ళలోపు పిల్లలకి టెక్సస్ లైసెన్స్ అడగదు. ఒక చోటుకి ఎనిమిది మందే, కాబట్టి నాలుగు కుటుంబాలు, ఒక బిర్యానీ గుండిగ అనుకుంటే రెండు మూడు చోట్లు కలిపి తీసుకోండి. రాత్రి పది దాటితే పాటలు వద్దు. నలుగురిలో మందు వద్దు. అడవిలో కట్టెలు ఏరకూడదు, కొనుక్కోవాలి. పడవ ఉంటే చెరువు వదిలేముందు నీళ్ళన్నీ వంపేయండి: ఆ నీళ్ళతో మరో చెరువుకి పాకే జీబ్రా ఆల్చిప్ప టెక్సస్‌లో మొదట బయటపడింది ఈ చెరువులోనే, 2009లో.

సాయంత్రం వంతెన మీద మావాడికి 2004 నాటి సంగతి చెప్పాను. ఆ జనవరిలో ఇదే చెరువులో 121 పౌండ్లన్నర బ్లూ క్యాట్‌ఫిష్ పడింది, అప్పటికి ప్రపంచ రికార్డు. దానికి స్ప్లాష్ అని పేరు పెట్టి, టెక్సస్‌లోని ఏథెన్స్ ఊరి అక్వేరియంలో జనానికి చూపించారు. "అంటే నాకంటే బరువా నాన్నా?" అన్నాడు. ఇద్దరు నువ్వులంత అన్నాను. ఆ తర్వాత రెండు గంటలు కదల్లేదు.

బెండు మునిగింది తొమ్మిది దాటాక. పైకి లాగితే అరచేతిలో పట్టే బ్లూగిల్. మా ఆవిడ టార్చి వేసి చూసి, "దీనికి పులుసు కాదు కదా, ఉప్పూకారం కూడా దండగ" అంది. వాడు మాత్రం టేపు తెమ్మన్నాడు. కొలిచి, ఫొటో తీసి, నీళ్ళలో వదిలేశాం. తాడుకి గుచ్చలేదు కాబట్టి తప్పు లేదని వాడే చెప్పాడు.

బుధవారం రాత్రి ఎడిటర్ గారు మెసేజ్ పెట్టారు: "ముఖచిత్రానికి పెద్ద చేప ఫొటో ఏమైనా ఉందా?" ఉన్నదే పంపాను. టేపు మీద అంకె కత్తిరించొద్దని మాత్రం రాశాను. అయిదున్నర అంగుళాలు.