విద్యకును చివరి ఆయకట్టు

మంజీరకు అడ్డముగా 1923లో నారంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము బాన్సువాడ సీమకు అన్నము పెట్టుచున్నది. అయినను ప్రధాన తూము నెత్తినంతమాత్రమున చివరి మడి తడియదని ఇచ్చటి రైతులందరు నెరుగుదురు. పిల్లకాలువలు త్రవ్వవలెను, ఏటేట పూడిక తీయవలెను, నీటి వంతు తప్పక నడువవలెను. విశ్వవిద్యాలయమునకును ఈ న్యాయమే వర్తించునని మా యభిప్రాయము.

1918లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. ఆధునిక శాస్త్రములను దేశభాషలో బోధింపవచ్చునని అది నిరూపించినది. అది ఘనకార్యమే. కాని ఆ భాష ఉర్దూ యగుటచే తెలుగు రైతు బిడ్డకు ఆ విద్య అందని నీరైనది. తరువాతి కాలమున ఆ విశ్వవిద్యాలయమే జిల్లాలలో స్నాతకోత్తర కేంద్రములను నెలకొల్పినది. భిక్కనూరు కేంద్రము అట్టిది. 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయ మేర్పడినది. డిచ్‌పల్లి దానికి ప్రధాన ప్రాంగణము కాగా, భిక్కనూరు దక్షిణ ప్రాంగణమైనది. 2016లో కామారెడ్డి జిల్లా యేర్పడుటతో భిక్కనూరును బాన్సువాడయు నొకే జిల్లాలో చేరినవి.

బాన్సువాడలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల కలదు. అచ్చట పట్టము పొందిన యువకుడు పైచదువునకై ఊరు విడిచి పోగలడు. కాని బాలిక మాట యేమి? వసతిగృహము క్షేమమైనదేనా, బస్సు వేళకు వచ్చునా యని విచారించిన పిదపగాని తండ్రి యామెను పంపుటకు సమ్మతింపడు. ఆమె చదువు తెలివిచేత గాక దూరముచేత ఆగిపోవుట మనకు గౌరవము కాదు.

ఇన్ని ప్రాంగణము లేల, ఒక్కచోటనే బలముగా కట్టరాదా యని కొందరందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. శాశ్వతాచార్యులు లేక, ప్రయోగశాల నిండక, ఒప్పందముపై వచ్చి పోవు బోధకులతో నడచు ప్రాంగణము పూడిన కాలువ వంటిది. కాని కాలువ పూడినచో పూడిక తీయుదుమే గాని, కాలువయే వద్దని యెవరందురు? మేము బాన్సువాడకు మరియొక నామఫలకమును కోరుట లేదు. ఉన్న ప్రాంగణమును నిండుగా నడుపుడనియు, బాలికలకు వసతియు రాకపోకల సౌకర్యమును కల్పింపుడనియు కోరుచున్నాము.

ప్రాంగణ మెచ్చట నున్నను ఆ నేలను చదువవలెను. బాన్సువాడకు చేరువనున్న రుద్రూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి చెరకు, వరి పరిశోధనస్థానమును, ఆహార సాంకేతిక కళాశాలయు కలవు. అవి చోటెరిగి పెట్టిన విద్యాసంస్థలు. బోధనులో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. చెరకు తోటలుండిన నేలలో నేడు వరి పండుచున్నది. ఈ మార్పుచే కౌలుదారు, కూలి, భూస్వామి యెవరెవరే స్థితికి వచ్చిరో అర్థశాస్త్ర విద్యార్థులు ఊరూర తిరిగి తెలిసికొనవలదా? ఆ ఫలితములను రైతు చదువగల తెలుగులో ప్రకటింపవలదా?

భూవసతి గల పెద్దలు తమ కుమారులను రాజధానికి పంపగలరు. ఆ శక్తి లేనివారి బిడ్డలకై వారు నోరు విప్పవలెను. నీరు వదలితిమని తూము చెంత నిలిచి చెప్పుట సులభము. చివరి మడి తడిసినదా యని గట్టు వెంట నడచి చూచుటయే నిజమైన పని.