తీర్చనక్కరలేని అప్పు

పత్రముపై వ్రాలు చేయించుకొని, "వడ్డీ అడుగను, అసలును అడుగను" అని చెవిలో చెప్పి రూకలు చేతబోయువాడు మన గ్రామమునకు వచ్చెనేని, కరణము మొదలు పాలేరు వరకు ప్రతివాడును వానిని అనుమానించును. అట్టి అప్పునే బ్రిటనులో విద్యావంతులు వేలకొలది పుచ్చుకొని నష్టపడిరి. అచ్చట కంట్రాక్టు పద్ధతిని పనిచేయువారిలో మన యువకులును గలరు. కావున ఈ విషయమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఇచ్చట కంట్రాక్టరనగా రోడ్లు, చెరువులు గుత్తకు పుచ్చుకొనువాడు కాడు. తన నేర్పును దినమునకింతయని అమ్ముకొను కంప్యూటరు నిపుణుడో, ఇంజనీరో, నర్సో యని గ్రహింపవలెను. పేరునకు స్వతంత్రుడై, పనికి ఉద్యోగియైనవాడు ఉద్యోగివలెనే పన్ను చెల్లింపవలెనని 2000 సంవత్సరమున అచ్చట చట్టమేర్పడెను. 2017లో ప్రభుత్వ సంస్థలయందును, 2021లో పెద్ద ప్రైవేటు సంస్థలయందును దానిని బిగించిరి. అంతట పలువురు "అంబ్రెల్లా", అనగా గొడుగు, కంపెనీల జీతగాండ్రైరి. వీనిలో పన్ను సక్రమముగా కోసి మిగిలినది ఇచ్చు యోగ్యమైన కంపెనీలు లేకపోలేదు. మా మాట తక్కినవానిని గూర్చి.

వాని పద్ధతి యెట్టిదనగా: నెలకు 8,000 పౌనులు వచ్చు పని యొకటి కలదనుకొందము. కనీస వేతనమునకు సరిపడునట్లు 2,100 జీతమని వ్రాసి దానిపై మాత్రమే పన్ను కోయుదురు. 4,700 "అప్పు" అని వేరుగా ఇత్తురు. మిగిలిన 1,200 రుసుము మొదలగు ఖర్చులక్రింద పోవును. పనివానికి సుమారు 6,500 చేతికి వచ్చును. సక్రమమైన మార్గమున ఇంత రానేరదు. అప్పను పేరు బయటపడగా ఇప్పుడు దానినే బోనసు, అడ్వాన్సు, గ్రాంటు, వార్షికము అని మార్చి పిలుచుచున్నారు. పేరు మారినను రూక మారలేదు. ఏడాదికి 56,400 పౌనుల జీతము పన్నునుండి దాగుచున్నది.

దాగినది ఎంతకాలము దాగును? ఈ మార్గమును మూయుటకు 2011లో చట్టము చేసిరి. 2017 జూలైలో, గ్లాస్గో రేంజర్సు ఫుట్‌బాల్ క్లబ్బు వ్యాజ్యమున, పనికై ఇచ్చిన ధనము ట్రస్టు చేతికి పోయినను జీతమేయని అచ్చటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ యేటనే చేసిన మరియొక చట్టముచే, 2019 ఏప్రిల్ 5 నాటికి తీరని పూర్వపు అప్పులన్నియు ఒక్క ఏటి ఆదాయముగా లెక్కకు వచ్చెను. విచారణానంతరము 2019 డిసెంబరులో, 2010 డిసెంబరు 9కి ముందటి అప్పులను విడిచి, మిగిలినదానిని మూడేండ్లకు పంచుకొనుటకు అవకాశమిచ్చిరి. అప్పటికే ఇండ్లు అమ్ముకొన్నవారును, ప్రాణములు తీసికొన్నవారును కలరు. పథకము నమ్మించినవాడు తన రుసుము తాను పుచ్చుకొని కంపెనీ మూసి పోయెను. వాన వచ్చునప్పటికి గొడుగు లేదు, తడిసినది పనివాడే. ఏలయన పన్ను బాధ్యత చట్టరీత్యా వానిదే.

ఇట్టి పథకములను కనిపెట్టుట కష్టము కాదు. సంపాదనలో నూటికి 80, 90 చేతికి వచ్చునని ప్రకటించుట మొదటి గురుతు. ఒకే పనికి రెండు చెల్లింపులు వచ్చుట రెండవది. రెవిన్యూ శాఖ ఆమోదించినదని చెప్పుట మూడవది. ఆ శాఖ ఏ పథకమును ఆమోదింపదు. 2004 నుండి ఇట్టి పథకములను శాఖకు తెలిపి సంఖ్య పుచ్చుకొనవలెనను నియమము గలదు. ఆ సంఖ్యనే యోగ్యతాపత్రముగా చూపుట, పోలీసు రికార్డులో పేరెక్కినవాడు దానినే బిరుదముగా చెప్పుకొన్నట్లున్నది. 2022 నుండి శాఖ కొన్ని పథకముల పేర్లు ప్రకటించుచున్నది. పట్టికలో పేరు లేకున్నంతమాత్రమున యోగ్యమైనదని తలంపరాదు.

చట్టమొసగిన మినహాయింపులను పొందుట తప్పని మేమనము. పింఛను నిధికి సొమ్ము చేర్చి పన్ను తగ్గించుకొనువానిని ఎవ్వరును నిందింపరు. అది బహిరంగము, ఇది మరుగు. అయినను ప్రభుత్వమునకును ఒక మాట చెప్పక తప్పదు. మోసపోయినవానిని పట్టుకొన్నంత వడిగా మోసపుచ్చినవానిని పట్టుకొనలేదు. మొదటి ఏటనే హెచ్చరించియుండిన పదియేండ్ల బకాయి పెరిగియుండదు.

బిడ్డలను సీమకు పంపిన తల్లిదండ్రులకు మా విన్నపమొక్కటే. క్షేమసమాచారముతోపాటు ఈ ప్రశ్నయు నడుగుడు: "నాయనా, జీతపు చీటిలోని మొత్తమును, బ్యాంకులో పడిన మొత్తమును సరిచూచుకొంటివా?" రెండును సరిపోవనిచో, ఆ మిగులు ఇంకను వాని సొమ్ము కాదు.