ట్రూ స్ట్రైక్ (మంత్రం)

ట్రూ స్ట్రైక్ అనునది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అను పాత్రధారణ ఆటలోని ఒక చిన్న మంత్రము. దీనిని ప్రయోగించిన పాత్ర తరువాత చేయబోవు ఒకే ఒక దాడికి గురి కుదురుతుంది. ఈ ఆటను గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు రూపొందించగా, 1974లో అమెరికాలో తొలిసారి ప్రచురితమైనది. ప్రచురణ సంస్థయైన టి.ఎస్.ఆర్.ను 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ కొనుగోలు చేసింది.

ఈ మంత్రమును ప్రయోగించుట తేలిక. ఎప్పుడు ప్రయోగించవలెనో తెలియుట కష్టము. కొత్త ఆటగాళ్ళు దీని పేరు చూచి మోసపోవుట సాధారణము. అసలు సంగతి అర్థం కావలెనన్న కొంచెం సంభావ్యత లెక్క చేయక తప్పదు.

దాడి జరుగు విధము

మన వైకుంఠపాళిలోని ఆరు ముఖాల పాచికకు బదులు ఈ ఆటలో దాడికి ఇరవై ముఖాల పాచికను వేస్తారు. పడిన అంకెకు పాత్ర యొక్క దాడి బలమును కలుపగా వచ్చిన మొత్తము, శత్రువు యొక్క ఆర్మర్ క్లాస్ సంఖ్యకు సమానముగా గాని అంతకు మించి గాని ఉన్నచో దెబ్బ తగిలినట్లు. ఒక్కొక్క ముఖము పడు అవకాశము 5 శాతము. 20 పడిన దెబ్బ తప్పక తగులును, 1 పడిన తప్పక తప్పును. పోరాటములో ఒక రౌండు ఆరు సెకన్లు. సాధారణముగా ఆ రౌండులో మంత్రము వేయవచ్చును లేదా దాడి చేయవచ్చును, రెండూ కుదరవు. కనుక ఈ మంత్రము యొక్క అసలు ఖరీదు ఒక దాడి.

మూడవ కూర్పులో (2000)

2000లో వెలువడిన మూడవ కూర్పులో ఇది ఒకటవ స్థాయి మంత్రము. తరువాతి రౌండు ముగియులోగా చేయు ఒక్క దాడికి ఏకంగా 20 కలుపుతుంది.

ఉదాహరణకు దాడి బలము 4 గల మాంత్రికుడు, ఆర్మర్ క్లాస్ 25 గల శత్రువును ఎదుర్కొన్నాడనుకొందాము. మామూలుగా 20 పడితేనే దెబ్బ తగులును, అనగా 5 శాతము. రెండు రౌండులు వరుసగా దాడి చేసినను సగటున 0.1 దెబ్బ మాత్రమే. మొదటి రౌండులో మంత్రము వేసి రెండవ రౌండులో దాడి చేసిన 1 పడితే తప్ప గురి తప్పదు. సగటు 0.95. ఇంత తేడా వచ్చు మంత్రములు ఆ స్థాయిలో అరుదు.

అదే శత్రువు బలహీనుడై, 11 పడినా దెబ్బ తగులు పక్షమున రెండు దాడులకు సగటున ఒక దెబ్బ వచ్చును, మంత్రముతో 0.95 మాత్రమే. కాబట్టి పాచికపై 12 గాని అంతకు మించి గాని పడవలసినప్పుడే ఇది లాభసాటి. ఒకే రౌండులో మూడు నాలుగు దాడులు చేయగల యోధునికి నష్టము ఇంకా ఎక్కువ, ఎందుకనగా మంత్రబలము మొదటి దాడికే వర్తించును.

దీనికి మరొక గుణము కలదు. పొగమంచులోనో అదృశ్యముగానో ఉన్న శత్రువుపై దాడికి కలుగు అదనపు తప్పుదల అవకాశము దీని ముందు పనిచేయదు. అయితే శత్రువు ఏ గడిలో ఉన్నాడో ముందుగా తెలిసియుండవలెను. పొడవైన విల్లుతో 950 అడుగుల దూరమునకు బాణము వేసినప్పుడు దూరము వలన 18 తగ్గును, ఈ మంత్రము ఆ లోటును పూర్తిగా తీర్చును. అంతేగాక దీనికి చేతి ముద్రలు అవసరము లేనందున కవచము ధరించిన వారు కూడా విఫలమగుదునను భయము లేకుండా ప్రయోగింపవచ్చును. చిన్న చెక్క గురిపలక నమూనా ఒకటి దగ్గర ఉంటే చాలును.

ఐదవ కూర్పులో (2014)

2014 నాటి ఐదవ కూర్పులో దీనిని రోజుకు ఎన్నిసార్లయినా వాడుకొనదగిన క్యాంట్రిప్‌గా మార్చారు. ప్రతిఫలముగా బలము తగ్గించారు. 30 అడుగుల లోపు ఉన్న ఒక శత్రువుపై, తరువాతి వంతులో చేయు మొదటి దాడికి రెండు పాచికలు వేసి పెద్దదానిని తీసుకొనవచ్చును.

దెబ్బ తగులు అవకాశము సగము అనుకొందాము. రెండు పాచికలలో ఒకటైనా తగులు అవకాశము 75 శాతము. కాని రెండు వంతులూ దాడి చేసిన సగటున ఒక దెబ్బ వచ్చును. అవకాశము ఎంతైనను ఫలితము ఇంతే: అవకాశము p అయినచో మంత్రముతో 2p నుండి p వర్గము తీసివేయగా మిగిలినది వచ్చును, మంత్రము లేకుండా 2p వచ్చును. పైగా దీనికి ఏకాగ్రత కావలెను. అప్పటికే ఏకాగ్రతతో నిలుపుకొన్న మరొక మంత్రము ఉన్నచో అది ఆగిపోవును. ఈ కూర్పులో ట్రూ స్ట్రైక్‌ను బలహీన మంత్రమని చాలామంది అనుటలో అన్యాయము లేదు.

అయినను ఉపయోగించు సందర్భములు కొన్ని కలవు. శత్రువు కంటికి కనబడుచు చేతికి అందనప్పుడు ఆ వంతు ఎలాగూ వృథాయే, అప్పుడు వేయవచ్చును. రోజుకు ఒకటి రెండు సార్లే వేయగల పెద్ద మంత్రమునకు దాడి పాచిక అవసరమైనప్పుడు, అది తప్పిపోవుట కంటె ఒక వంతు పోవుటే మేలు. విషప్రభావము వంటి కారణముచే రెండు పాచికలలో చిన్నదానిని తీసుకొనవలసి వచ్చినప్పుడు ఈ మంత్రము ఆ లోపమును రద్దు చేయును. మామూలు అవకాశము 40 శాతమైతే అట్టి స్థితిలో అది 16 శాతమునకు పడిపోవును. రెండు దాడులకు సగటు 0.32, మంత్రముతో ఒక దాడికి 0.4.

2023లో విడుదలైన బాల్డర్స్ గేట్ 3 అను కంప్యూటరు ఆటలోని ట్రూ స్ట్రైక్ ఈ కూర్పును అనుసరించినదే.

2024 సవరణ

2024లో సవరించిన నియమ పుస్తకములో ఈ మంత్రమును సమూలముగా మార్చారు. నిరీక్షణ లేదు, ఏకాగ్రత అక్కరలేదు. మంత్రము వేయుటలోనే చేతిలోని ఆయుధముతో ఒక దాడి చేయవచ్చును. దానికి కండబలము, చురుకుదనములకు బదులు మంత్రశక్తికి ఆధారమైన గుణమునే లెక్కించవలెను. పాత్ర 5వ స్థాయికి చేరినప్పుడు ఆరు ముఖాల పాచిక ఒకటి, 11వ స్థాయిలో రెండు, 17వ స్థాయిలో మూడు అదనపు గాయమునకు కలుస్తాయి. కత్తి పట్టుటలో నేర్పు తక్కువైన మాంత్రికునికి ఇది ప్రతి వంతులోను పనికివచ్చును. పై లెక్కలు దీనికి వర్తించవు.